జీతంలోంచి కోసిన పన్నునే మళ్లీ కట్టమంటే: కట్టకండి, అలాగని ఊరుకోకండి

మాస్టారూ, మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీరు జడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్. 2022-23 ఆర్థిక సంవత్సరంలో మీ జీతంలోంచి మొత్తం రూ.96,400 పన్ను కోశారు. రిటర్నులో మీరు అంతే చూపించారు. 2023 సెప్టెంబరులో 143(1) ఇంటిమేషన్, అంటే రిటర్ను లెక్క చూసి శాఖ పంపే ఉత్తరం, వచ్చింది. మీ పేరు మీద 61,300 మాత్రమే జమ అయింది కాబట్టి మిగతా 35,100కి వడ్డీ కలిపి 38,940 కట్టమన్నారు. హెచ్‌ఎం గారిని అడిగితే "చూద్దాం" అన్నారు. ఆ తర్వాత ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు, మీరూ మరిచిపోయారు. ఇప్పుడు 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి మీకు రావాల్సిన 21,600 రీఫండును ఆ పాత బాకీ కింద సర్దేసుకుని, మిగిలింది వడ్డీతో సహా కట్టమంటున్నారు. స్టాఫ్‌రూంలో ఒకరు "కట్టేసి వదిలించుకో" అన్నారు, ఇంకొకరు "హైదరాబాద్ వెళ్లి లాయర్‌ను పెట్టు" అన్నారు. ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వద్దు. డబ్బు కట్టకండి, కానీ ఈ వారంలోనే ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో "ఈ డిమాండుకు నేను ఒప్పుకోవడం లేదు" అని జవాబు పెట్టండి. తర్వాత అసలు పని ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసులో కాదు, మీ స్కూల్లోనే మొదలవుతుంది. తప్పు అక్కడ పుట్టింది. అక్కడ దిద్దితేనే పైన దిద్దుబాటు అవుతుంది. లాయర్ దాకా వెళ్లే అవసరం మీకు రాదనే నా నమ్మకం.

నా గురించి ఒక్క ముక్క. నేను సీఏను కాదు. పద్దెనిమిదేళ్లు సబ్ ట్రెజరీలో పనిచేసి బయటికొచ్చాను. పదకొండేళ్లుగా టీచర్లు, పెన్షనర్ల రిటర్నులు, స్కూళ్ల తరఫున టీడీఎస్ (చెల్లించే చోటే కోసే పన్ను) రిటర్నులు వేస్తున్నాను. అందుకే మీ 35,100 ఏ మలుపులో తప్పిపోయి ఉంటుందో కొంచెం వివరంగా చెప్పగలను.

ప్రైవేటు కంపెనీ అయితే జీతంలో కోసిన పన్నును చలానా కట్టి బ్యాంకులో జమ చేస్తుంది. మీకు ట్రెజరీ నుంచి జీతం వస్తుంది కాబట్టి చలానా ఉండదు. బిల్లులో "ఇన్‌కమ్ టాక్స్" అని ఒక అంకె పడుతుంది, ఆ మేరకు మీ చేతికి తక్కువ వస్తుంది, ఆ సొమ్ము పుస్తకాల్లోనే కేంద్రం ఖాతాకు మారుతుంది. ప్రతి నెలా ఇలా మారిన మొత్తానికి ట్రెజరీ వాళ్లు ఫామ్ 24జీ అనే లెక్క అప్‌లోడ్ చేస్తారు. దాంతో ఒక నంబరు పుడుతుంది, దాన్ని బిన్ అంటారు. మూడు నెలలకోసారి మీ డీడీఓ (జీతం బిల్లు పెట్టే అధికారి), అంటే మీ హెచ్‌ఎం గారు, ఆ బిన్ నంబరు వేసి ఏ టీచరు పాన్ మీద ఎంత కోశారో 24క్యూ రిటర్నులో చూపించాలి. ఆ 24క్యూ పడితేనే మీ 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమ అయిన పన్ను జాబితాలో, అంకె కనిపిస్తుంది. బెంగళూరులోని ప్రాసెసింగ్ సెంటర్లో కంప్యూటర్ చూసేది దాన్నొక్కదాన్నే. మీ పే స్లిప్పూ, మీ నిజాయితీ దానికి తెలియవు.

కాబట్టి మీ డబ్బు ప్రభుత్వం దగ్గర ఉండే ఉంటుంది. ఈ జేబులోంచి ఆ జేబులోకి వెళ్లింది, ఎవరిదో పేరు రాయడం మరిచిపోయారంతే. దాదాపు ప్రతిసారీ ఈ తేడా నాలుగో త్రైమాసికంలోనే వస్తుంది. కారణం మీకూ తెలుసు. మన దగ్గర పన్ను లెక్క జనవరిలో గానీ తేలదు. ఏడాదంతా కొద్దికొద్దిగా కోసి, మిగిలిన పెద్ద మొత్తం జనవరి, ఫిబ్రవరి బిల్లుల్లో పడేస్తారు. ఆ త్రైమాసికం 24క్యూనే అన్నిటికన్నా పెద్దది, చిక్కుది. ఏడాది మొత్తం జీతం వివరాలు, 80సీ మినహాయింపులు, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అన్నీ అందులో రావాలి. సరిగ్గా అప్పుడే బదిలీ గానీ, పదవీ విరమణ గానీ జరిగితే కాగితాలు అల్మరాలో ఉండిపోతాయి.

మొదటి పని: మీ తోటి టీచర్ల 26ఏఎస్ అడిగి చూడండి. ఇది ఐదు నిమిషాల పని, కానీ సగం సమాధానం ఇందులోనే దొరుకుతుంది. అదే ఏడాది నాలుగో త్రైమాసికంలో మిగతా వాళ్లందరి పన్నూ కనిపిస్తూ మీది ఒక్కటే లేదంటే 24క్యూ వేశారు, మీ వరస తప్పిపోయింది లేదా మీ పాన్ తప్పు పడింది. ఎవరిదీ కనిపించకపోతే ఆ త్రైమాసికం 24క్యూ అసలు వేయనే లేదు. ఈ రెండింటికీ మందు వేరు, కష్టమూ వేరు.

మీ చేతిలో ఉన్న ఫామ్ 16ను, అంటే స్కూలు ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్‌ను, కూడా ఇంకోసారి చూడండి. అందులో పార్ట్-ఏ ఉందా? ట్రేసెస్ అనే శాఖ టీడీఎస్ సైటు నుంచి దిగిన పార్ట్-ఏ మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది, త్రైమాసికాల వారీగా జమ అయిన మొత్తం ఉంటుంది. చాలా స్కూళ్లలో ఎక్సెల్‌లో టైపు చేసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి ఇచ్చేదే ఫామ్ 16 అనుకుంటారు. దాంట్లో కోసింది తెలుస్తుంది గానీ జమ అయింది తెలియదు. మీకు 96,400 మొత్తం కనిపించిందంటే మీ దగ్గరున్నది ఆ టైపు చేసిన కాగితమే అయ్యుంటుందని నా అనుమానం. అది పనికిరాదని కాదు, జాగ్రత్తగా దాచండి. కోత పడిందనడానికి అదీ ఒక సాక్ష్యమే.

ఇక ఇప్పుడున్న హెచ్‌ఎం గారి దగ్గరికి వెళ్తే మొదట వినబడే మాట "అది నా హయాంలో జరగలేదండీ". మర్యాదగానే చెప్పండి: టాన్, అంటే పన్ను కోసేవాళ్లకిచ్చే నంబరు, స్కూలుది, మనిషిది కాదు. పాత ఆయన ఎక్కడున్నా, ఆ టాన్ మీద రిటర్ను వేసే బాధ్యత ఈరోజు ఆ కుర్చీలో ఉన్నవాళ్లదే. వాళ్లు వెనకాడటానికి అసలు కారణం వేరే ఉంటుంది. 24క్యూ ఆలస్యమైతే 234ఈ కింద రోజుకు రూ.200 లేటు ఫీజు పడుతుంది, కోసిన పన్ను మొత్తం దాకా పెరుగుతూ పోతుంది. రెండేళ్లు దాటిన రిటర్ను అంటే ఎంతవుతుందో లెక్కేసుకోండి. అది ఎవరి జేబులోంచి కట్టాలి అన్నదే వాళ్ల టెన్షన్. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ భయం బరువు మీరు మోయాల్సిన పని లేదు.

రిటర్ను వేసి ఉండి మీ వరస మాత్రమే తప్పిపోతే ఈ గొడవ లేదు. దిద్దుబాటు రిటర్నుకు ఆ రోజువారీ లేటు ఫీజు పడదు. ఈ సంగతి చాలామంది హెచ్‌ఎంలకు తెలియదు. అది చెప్పగానే ముఖాలు తేటపడటం నేను చూశాను. అయితే ఈ దిద్దుబాట్లకు కూడా ఇప్పుడు గడువు పెట్టారు, ఎప్పటికైనా వేసుకోవచ్చు అనే రోజులు పోయాయి. అందుకని "సెలవుల్లో చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

మూడేళ్ల కింద ఒక టీచరమ్మ ఇలాంటి నోటీసుతోనే వచ్చారు. ఆమె పాన్‌లో ఎం అనే అక్షరం ఉండాల్సిన చోట ఎన్ పడింది. ఆ పాన్ మీద నిజంగానే ఎవరో ఉన్నారు. అంటే ఆమె నలభై వేల చిల్లర ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఖాతాలో కనిపిస్తోంది. ఆమె నాలుగుసార్లు ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు చుట్టూ తిరిగారు. అక్కడివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే వాళ్ల స్క్రీన్ మీద ఉన్నది ఆ తప్పు పాన్ మాత్రమే. స్కూలు తరఫున దిద్దుబాటు వేశాం. ఖర్చు కొన్ని వందల రూపాయలు. అది 26ఏఎస్‌లో పడేదాకా ఆగి, రెక్టిఫికేషన్ (ఇంటిమేషన్‌లో తప్పు దిద్దమనే దరఖాస్తు) పెట్టాం. మొత్తం ఏడు వారాలు పట్టింది. అంతకు ముందు ఆమె తిరిగింది మాత్రం ఏడాదిన్నర.

హెచ్‌ఎం గారికి నోటిమాటగా చెప్పి వదలకండి. కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ నెల బిల్లులో ఎంత కోశారో, 26ఏఎస్‌లో ఎంత కనిపిస్తోందో, తేడా ఎంతో, ఇంటిమేషన్ తేదీ ఏమిటో రాసి, కాపీ మీద స్వీకరించినట్టు సంతకం, తేదీ తీసుకోండి. తోటి ఉద్యోగులం కదా, ఇదేం బాగుంటుంది అనుకోకండి. రేపు మీ పని చేయడానికి వాళ్లకూ ఆ కాగితం అవసరమే. రెండు వారాలైనా కదలిక లేకపోతే డీఈఓ ఆఫీసుకు ఒక కాపీ, ఇన్‌కమ్ టాక్స్ టీడీఎస్ విభాగానికి ఒక కాపీ పంపండి. 24జీ బిన్ నంబర్లు, 24క్యూ రసీదు కాపీ కావాలని సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టవచ్చు. నా అనుభవంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టిన చోట సగం కేసుల్లో జవాబు రాకముందే రిటర్ను పడిపోయింది.

ఇదంతా నడుస్తుండగా పోర్టల్లో పని ఆపకండి. లాగిన్ అయ్యాక పెండింగ్ యాక్షన్స్‌లో "రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్" అని ఉంటుంది. అక్కడ రెండు దారులు: డిమాండ్ కరెక్టే అని, లేదా ఒప్పుకోను అని. "డిమాండ్ ఈజ్ కరెక్ట్" అన్నది పొరపాటున కూడా నొక్కకండి. ఒకసారి ఒప్పుకున్నాక మళ్లీ కాదనే వీలు పోర్టల్లో ఉండదు. "డిసగ్రీ" ఎంచుకుని, కారణం రాసి, జనవరి, ఫిబ్రవరి నెలల పే బిల్లు, ఫామ్ 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, హెచ్‌ఎం గారికి ఇచ్చిన ఉత్తరం జత చేయండి.

"చిన్న మొత్తమే కదా, కట్టేద్దాం" అనే సలహా నేనూ ఒకప్పుడు ఇచ్చాను. ఈ పనికి కొత్తలో ఒక పెన్షనరు గారికి 4,200 డిమాండ్ వస్తే, కాగితాల కోసం తిరిగే ఓపిక నాకూ లేక, ఆయనకూ లేక కట్టించేశాను. మరుసటి ఏడాది ఆయన పన్ను కోసిన బ్యాంకు బ్రాంచే అదే తప్పు మళ్లీ చేసింది, ఈసారి పదకొండు వేలు. ముందు ఏడాది మనమే ఒప్పుకుని కట్టాం కాబట్టి బ్రాంచి మేనేజరు "అప్పుడు లేని తప్పు ఇప్పుడెలా వచ్చింది" అన్నాడు. ఆ పెద్దాయన నన్నేమీ అనలేదు. అప్పటి నుంచి నేను ఎవరికీ ఆ సలహా ఇవ్వలేదు.

ఇక చట్టం మీ వైపు ఎలా ఉందో చూద్దాం. ఆదాయపు పన్ను చట్టం 1961లో సెక్షన్ 205 అని చిన్న సెక్షన్ ఉంది. దాని సారం ఒక్కటే: మీ ఆదాయంలోంచి పన్ను కోసి ఉంటే, కోసిన మేరకు ఆ పన్ను నేరుగా మిమ్మల్ని కట్టమనకూడదు. కోసినవాడు ప్రభుత్వానికి కట్టాడా లేదా, లెక్క చూపించాడా లేదా అన్నది వాడికీ శాఖకూ మధ్య వ్యవహారం. ఇది పుస్తకానికే పరిమితమైన మాట కాదు. 2015 జూన్ 1న ప్రత్యక్ష పన్నుల బోర్డు, అంటే సీబీడీటీ, తన అధికారులకు ఉత్తరం రాసింది. కోత పడి కూడా జమ కాని కేసుల్లో ఉద్యోగి మీద బలవంతపు వసూలు చర్యలు వద్దు అని. అది సరిగ్గా అమలు కావడం లేదని 2016 మార్చి 11న మళ్లీ గుర్తు చేసింది. మీ జవాబులో ఈ సెక్షన్నూ, ఈ రెండు తేదీలనూ తప్పకుండా రాయండి.

"మరి నన్ను కట్టమని ఎవరూ బలవంతం చేయలేదు కదా, రీఫండే సర్దుకున్నారు" అనే వాదన రావచ్చు. దీనికీ జవాబుంది. రీఫండులోంచి పట్టుకోవడం కూడా పక్కదారిన వసూలు చేయడమే, 205 ఉండగా అది కుదరదు అని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంతకు పదేళ్ల ముందు, 2013 మార్చిలో, అదే కోర్టు ఇంకా పెద్ద తీర్పు ఇచ్చింది. టీడీఎస్ తేడాల పేరుతో జనం రీఫండ్లు ఆపేస్తున్నారని, తెలియని పాత బాకీల కింద సర్దేస్తున్నారని ఒక సీఏ కోర్టుకు ఉత్తరం రాస్తే దాన్నే కేసుగా తీసుకున్నారు. సెక్షన్ 245 కింద రీఫండు సర్దుకోవాలంటే ముందుగా నోటీసు ఇచ్చి, పన్ను చెల్లింపుదారు చెప్పేది విని, ఆ తర్వాతే చేయాలని అందులో గట్టిగా చెప్పారు. మీకు 245 మెయిల్ వచ్చిందనీ, దొంగ మెయిల్ అనుకుని తీసేశారనీ రాశారు. అక్కడ మాత్రం మన వాదన కొంచెం బలహీనపడింది. అయినా 205 మాత్రం చెక్కుచెదరదు.

దొంగ మెయిళ్ల అనుమానం తప్పు కాదు లెండి. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా డిన్ అనే నంబరు ఉండాలి. పోర్టల్ మొదటి పేజీలోనే ఆ నంబరు కొట్టి నోటీసు అసలుదో కాదో చూసుకోవచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. మెయిల్‌లోని లింకు నొక్కకుండా ఇది చూడండి.

26ఏఎస్‌లో మీ 35,100 కనిపించిన రోజున సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ పెట్టాలి. గడువు గురించి కంగారుపడకండి. ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్లు టైముంటుంది. మీది 2023 సెప్టెంబరు కాబట్టి ఆ ఆర్థిక సంవత్సరం 2024 మార్చి 31తో ముగిసింది, మీకు 2028 మార్చి 31 దాకా అవకాశం ఉంది. దరఖాస్తు అందిన నెల ముగిశాక ఆరు నెలల్లోపు వాళ్లు తేల్చాలి. రిటర్నులో మీరు 96,400 సరిగ్గానే చూపించారు కాబట్టి "రీప్రాసెస్ ద రిటర్న్" చాలు. మీ రిటర్నులోనే టాన్ నంబరో అంకెలో తప్పు పడి ఉంటే "టాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్" ఎంచుకోవాలి.

ఒక్క జాగ్రత్త. 26ఏఎస్ మారకముందే తొందరపడి రీప్రాసెస్ కొట్టకండి. కంప్యూటర్ అదే అంకె చూసి అదే జవాబు ఇస్తుంది. అలా మూడుసార్లు కొట్టి, మూడుసార్లూ అదే డిమాండ్ తెచ్చుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఇంకో చిక్కు: కొన్నిసార్లు ఫైలు మీ స్థానిక ఆఫీసరుకు బదిలీ అయి ఉంటుంది. అప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తు కదలదు. పోర్టల్లో మీ అసెసింగ్ ఆఫీసరు ఎవరో చూసుకుని, కాగితం మీద అదే దరఖాస్తు ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి.

పన్ను జమ పడ్డాక 38,940లో వడ్డీ కింద వేసిన భాగం, ఆ తర్వాత పెరిగిన వడ్డీ కూడా దానంతటదే పడిపోవాలి, మీ 21,600 వెనక్కి రావాలి. దాని మీద 244ఏ కింద వడ్డీ కూడా అడగండి, నెలకు అర శాతం. మనం ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం, వాళ్లు ఆలస్యం చేస్తే అర. ఊళ్లో భాషలో చెప్పాలంటే తీసుకునేది రూపాయి వడ్డీ, ఇచ్చేది అర్ధరూపాయి వడ్డీ. పైగా ఆ వడ్డీని కూడా వచ్చే ఏడాది ఆదాయంలో చూపించాలి. మీరు పడ్డ తిరుగుడుకు, పోయిన సెలవులకు పరిహారం అడిగే దారి ఈ చట్టంలో మామూలుగా లేదు. ఈ వడ్డీతోనే సరిపెట్టుకోవాలి.

మీ కేసులో డబ్బు ట్రెజరీ దాటి ఎక్కడికీ పోలేదు. ప్రైవేటు కంపెనీల్లో పరిస్థితి ఇంత బాగుండదు. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసిన మా బంధువుల అబ్బాయికి రెండేళ్ల పన్ను కోసి, కట్టకుండానే కంపెనీ మూతపడింది. దిద్దుబాటు రిటర్ను వేయడానికి అసలు మనిషే లేడు. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఫర్ లెటరు పెట్టి 205 చూపించి రాశాం. మొదటి ఆఫీసరు ఒప్పుకోలేదు. ఆయన పై అధికారికి అదే ఉత్తరం, 2015 నాటి బోర్డు ఉత్తరం జత చేసి పంపితే వసూలు ఆపారు. కానీ ఆపడం వేరు, జమ ఇవ్వడం వేరు. డిమాండ్ ఇప్పటికీ స్క్రీన్ మీద అలాగే ఉంది. ప్రతి ఏటా రీఫండు వచ్చినప్పుడల్లా 245 నోటీసుకు మళ్లీ జవాబు పెట్టుకోవాలి. పూర్తిగా తుడిచేయాలంటే హైకోర్టులో రిట్ వేయాలి, అతనికి ఆ ఓపిక లేదు. అలాంటి కేసులో మొత్తం లక్షల్లో ఉంటే మాత్రం లాయర్‌ను పెట్టమనే చెప్తాను.

ఇంకో మాట కూడా చెప్పాలి, వినడానికి బాగోదు. నా దగ్గరికి "శాఖ తప్పు చేసింది" అని వచ్చేవాళ్లలో చాలామంది విషయంలో తప్పు మనదే. మన టీచర్లకు మామూలుగా జరిగేది ఫామ్ 10ఈ మరిచిపోవడం. పీఆర్సీ (వేతన సవరణ) బకాయిలు గానీ, డీఏ బకాయిలు గానీ ఒకేసారి పడ్డాక సెక్షన్ 89 కింద పన్ను ఉపశమనం (రిలీఫ్) రిటర్నులో చూపిస్తారు గానీ, రిటర్నుకు ముందు వేయాల్సిన 10ఈ వేయరు. రిలీఫ్ మొత్తం కొట్టేసి డిమాండ్ వస్తుంది. అది శాఖ తప్పు కాదు. రిటర్ను వేసేటప్పుడు మరిచిపోయిన మినహాయింపును రెక్టిఫికేషన్‌లో కొత్తగా అడిగేవాళ్లూ ఉంటారు, అదీ కుదరదు. దానికి రివైజ్డ్ (సవరించిన) రిటర్ను ఉంది, దాని గడువులోపు వేసుకోవాలి. పోట్లాటకు దిగేముందు ఇంటిమేషన్ చూడండి, అందులో రెండు నిలువు వరసలు పక్కపక్కన ఉంటాయి: మీరు చూపించింది, వాళ్లు లెక్కగట్టింది. ఏ వరసలో అంకె మారిందో వేలు పెట్టి చూడండి. అక్కడి నుంచే సంగతి తేలుతుంది.

అసలు చట్టం అర్థం మీదే తగువు ఉంటే 154 పనికిరాదు. రికార్డు చూడగానే కనబడే తప్పుకే అది. పొడవాటి వాదనతో నిరూపించాల్సిన దాన్ని అలాంటి తప్పు అనలేం అని 1971లోనే వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి తగువే 2024 జులైలో వచ్చింది, గుర్తుండే ఉంటుంది. రిటర్ను సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేసి, కొత్త పన్ను విధానంలో షేర్ల స్వల్పకాలిక లాభాల మీద 87ఏ రిబేటు (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే పన్ను తగ్గింపు) రాకుండా చేశారు. బాంబే హైకోర్టు జోక్యం చేసుకున్నాక ఆలస్యపు, రివైజ్డ్ రిటర్నుల గడువును 2025 జనవరి 15 దాకా పొడిగించారు. అలాంటి వాటికి దారి అప్పీలు. ఫామ్ 35, ఇంటిమేషన్ అందిన 30 రోజుల్లోపు, ఫీజు ఆదాయాన్ని బట్టి రూ.250 నుంచి 1,000. రెక్టిఫికేషన్ పెట్టాం కదా అని ఈ 30 రోజుల గడియారం ఆగదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అప్పీలు నడిచేటప్పుడు వసూలు ఆపమని అడిగితే మామూలుగా 20 శాతం కట్టమంటారు, 2017 జులై 31 నాటి బోర్డు మెమో అది. 205 వర్తించే కేసులో ఆ 20 శాతం కూడా ఎందుకు కట్టాలని గట్టిగా అడగవచ్చు. మీకు 30 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపి వేయవచ్చు గానీ, ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లకండి.

ఎవరూ పలకకపోతే ఫిర్యాదు. ముందు ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లోనే గ్రీవెన్స్ పెట్టండి, తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో. ఒకప్పుడు ఇన్‌కమ్ టాక్స్ అంబుడ్స్‌మన్ ఉండేవాడు, 2019లో ఆ వ్యవస్థను ఎత్తేశారు. ఫిర్యాదులో కష్టాలు ఏకరువు పెట్టకండి. పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం, ఇంటిమేషన్ డిన్ నంబరు, అంకెల తేడా, ఏ తేదీన ఏం దరఖాస్తు పెట్టారో, ఏం కావాలో, అన్నీ పది వరసల్లో ముగించండి. నేనైతే చివర్లో 1955 ఏప్రిల్ 11 నాటి 14వ నంబరు సర్క్యులర్‌ను కూడా ప్రస్తావిస్తాను. పన్ను చెల్లింపుదారుకు తన హక్కులు తెలియకపోవడాన్ని అధికారులు సొమ్ము చేసుకోకూడదని బోర్డే రాసిన మాట అది. డెబ్బై ఏళ్ల పాతదే, అయినా కోర్టులు దాన్ని ఇప్పటికీ చూపిస్తుంటాయి.

"ఇన్నేళ్ల పాత కాగితాలు ఎక్కడ తెస్తాం" అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు కాబట్టి ఒక మాట. నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ కండక్టరు గారికి కాగితం రిటర్నుల కాలం నాటి 9,870 బాకీ ఒకటి స్క్రీన్ మీద తేలింది, 2008-09 సంవత్సరానిది. మూడేళ్లు వరసగా ఆయన రీఫండ్లలోంచి కొంచెం కొంచెం పట్టుకున్నారు. మేం ఆయన ట్రంకు పెట్టె వెతికి టీడీఎస్ సర్టిఫికెట్ బయటికి తీసేలోపే 2024 ఫిబ్రవరి 1 బడ్జెట్లో నిర్మలా సీతారామన్ పాత చిన్న బాకీల మాఫీ ప్రకటించారు. 2009-10 ఆర్థిక సంవత్సరం దాకా రూ.25,000 లోపు, 2010-11 నుంచి 2014-15 దాకా రూ.10,000 లోపు. మిగిలిన బాకీ మాయమైంది. అప్పటికే పట్టుకున్నది మాత్రం ఆ మాఫీతో తిరిగి రాలేదు. అంత పాతవి మీకుంటే ముందు ఈ జాబితాలో ఉన్నాయేమో చూసుకోండి.

కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి, అందులో సెక్షన్ నంబర్లు వేరు. మీ గొడవ 2022-23 నాటిది, పాత చట్టం నంబర్లతోనే రాయండి.

ఇప్పటికి ఈ వారం మీరు చేయాల్సింది మూడే: పోర్టల్లో "ఒప్పుకోను" అని జవాబు, తోటివాళ్ల 26ఏఎస్, హెచ్‌ఎం గారికి ఉత్తరం. ట్రెజరీలో ఆ జనవరి, ఫిబ్రవరి బిల్లుల టోకెన్ నంబర్లు దొరికితే అవి కూడా రాసి ఉంచుకోండి, బిన్ వెతకడానికి పనికొస్తాయి. మిగతా వాళ్లకు నాలుగో త్రైమాసికం కనిపిస్తోందో లేదో కనుక్కుని ఇక్కడే కింద రాయండి. దాన్ని బట్టి ఉత్తరంలో ఏ మాట పెట్టాలో చెప్తాను. పాన్ నంబరు మాత్రం ఇక్కడ రాయకండి.